నైతిక ప్రశ్నకు ఏ గణితం సరిపోతుంది? ఎంచుకునే ముందు ఒక పోలిక

ఒక మనిషి ముగ్గురికి అప్పుపడ్డాడు. మొదటివారికి 100, రెండోవారికి 200, మూడోవారికి 300 ఇవ్వాలి. తీర్చకుండానే చనిపోయాడు. ఉన్నదంతా అమ్మితే వచ్చింది 200 మాత్రమే. ఎవరికెంత ఇవ్వాలి?

చాలామందికి వెంటనే తోచేది నిష్పత్తి. అప్పు ఎంతో వాటా అంత. అలా పంచితే సుమారు 33, 67, 100 వస్తాయి. ఇంకొకరు ఉన్నదే తక్కువ కదా, తలా ఒకే మొత్తం తీసుకోండి అంటారు. అప్పుడు ఒక్కొక్కరికి దాదాపు 67. మరొకరు దీన్ని తిరగేసి, వచ్చేదాన్ని కాదు, పోయేదాన్ని సమానంగా భరించాలంటారు. మొత్తం నష్టం 400. మొదటివారికి 100 కంటే ఎక్కువ పోదు కాబట్టి వారి వాటా సున్నా. మిగిలిన ఇద్దరూ చెరో 150 నష్టపోతారు. లెక్క 0, 50, 150 అవుతుంది. యూదుల ప్రాచీన ధర్మగ్రంథమైన తాల్ముద్‌లో ఇవే సంఖ్యలకు 50, 75, 75 అని తీర్పు ఉంది.

ఈ నాలుగింటిలో కూడిక తప్పు ఎక్కడా లేదు. అన్నీ 200 కే వస్తాయి. కానీ మొదటివారి చేతికి అందేది మాత్రం సున్నా నుంచి 67 దాకా మారిపోతోంది. నీతికి గణితం దారి చూపగలదా అని అడిగేవారి ముందు నేను మొదట ఈ లెక్కనే పెడతాను. చూపలేదని చెప్పడానికి కాదు, ప్రశ్నను సరిగ్గా అడగడానికి. గణితం ఒకే పనిముట్టు కాదు. పంపకాల గణితం వేరు, సుఖదుఃఖాల కూడిక వేరు, స్వీకృతాల (నిరూపణ అడగకుండా ఒప్పుకున్న మాటల) నుంచి సిద్ధాంతాలకు వెళ్లే పద్ధతి వేరు, ఆటల సిద్ధాంతం (ఒకరి లాభనష్టాలు ఇతరుల ఎత్తుల మీద ఆధారపడే సందర్భాల లెక్క) వేరు. ఒకదానితో చేయవలసిన పని ఇంకొకదానితో చేయబోతే లెక్క సరిగ్గానే వస్తుంది, తీర్పు మాత్రం తప్పుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీరు ఒకటి ఒప్పుకుంటే దాని వెంట ఇంకేమేమి ఒప్పుకోవలసి వస్తుందో గణితం చూపిస్తుంది. ఆ మొదటి ఒప్పుకోలు మాత్రం ఎప్పుడూ మీదే. కింద పోల్చిన పద్ధతులన్నిటినీ నేను ఈ ఒక్క గీటురాయి మీదే గీసి చూశాను: ఆ మొదటి ఒప్పుకోలును ఈ పద్ధతి బయటపెడుతుందా, దాచేస్తుందా?

పంచవలసినప్పుడు: నియమాల గణితం

తాల్ముద్‌లోని అసలు సందర్భం అప్పులవాళ్లది కాదు. చనిపోయిన భర్త తన ముగ్గురు భార్యలకు వివాహ ఒప్పందం ప్రకారం ఇవ్వవలసిన సొమ్ము అది. ఆస్తి 100 ఉంటే ముగ్గురికీ సమానం అని, 200 ఉంటే 50, 75, 75 అని, 300 ఉంటే 50, 100, 150 అని అక్కడ రాసి ఉంది. మొదటిది సమాన పంపకంలా ఉంది, చివరిది నిష్పత్తిలా ఉంది, మధ్యది దేనిలాగానూ లేదు. శతాబ్దాల పాటు పండితులు ఈ మూడింటికీ పొంతన కుదరక తలలు పట్టుకున్నారు. 1985లో రాబర్ట్ ఔమన్, మైకేల్ మాష్లర్ అనే ఇద్దరు గణితజ్ఞులు ఈ ముడి విప్పారు.

వారికి తాళంచెవి ఆ గ్రంథంలోనే మరోచోట దొరికింది. ఇద్దరు ఒక వస్త్రాన్ని పట్టుకున్నారు. ఒకరు మొత్తం నాదే అన్నారు, ఇంకొకరు సగం నాది అన్నారు. తీర్పు: మొదటివారికి ముప్పాతిక, రెండోవారికి పాతిక. ఎందుకంటే సగమే అడిగినవారు మిగతా సగాన్ని తమ నోటితోనే వదులుకున్నారు. గొడవ ఉన్నది రెండో సగం మీదే. దాన్ని చెరిసగం చేయాలి.

ఇప్పుడు 50, 75, 75 ను చూడండి. మొదటి ఇద్దరినీ పక్కకు పిలవండి. వారిద్దరి చేతిలో కలిపి 125 ఉంది. మొదటివారు అడిగేది 100 మాత్రమే కాబట్టి 25 రెండోవారిదే. మిగిలిన 100 మీద గొడవ, చెరిసగం చేస్తే 50, 50. మొత్తం 50, 75. రెండోవారినీ మూడోవారినీ పిలిస్తే చేతిలో 150 ఉంది. ఇద్దరూ మొత్తం నాదే అనగలరు కాబట్టి 75, 75. ఏ ఇద్దరిని విడిగా కూర్చోబెట్టినా వస్త్రం తీర్పే వస్తుంది. 300 కూ ఇదే కుదురుతుంది, కావాలంటే కాగితం మీద వేసి చూడండి. ఏ ఇద్దరూ పక్కకు వెళ్లి మళ్లీ పంచుకోవలసిన అవసరం రాని పంపకం అది. విడివిడి తీర్పుల్లా కనిపించిన వాటి లోపల ఒకే న్యాయభావన దాగి ఉందని గణితం పైకి తీసింది. మనిషి అంతర్బుద్ధితో ఇచ్చిన తీర్పులో ఉన్న పొందికను వెలికితీయడం గణితం నీతికి చేయగల పెద్ద సేవల్లో ఒకటని నేను నమ్ముతాను.

ఈ పద్ధతిలో నాకు నచ్చేది దాని నిజాయితీ. నిష్పత్తి సూత్రం అంటే ఎక్కువ పెట్టినవారికి ఎక్కువ హక్కు అనే మాట. సమాన వాటా అంటే ఈ పూట అందరి అవసరమూ ఒకటే అనే మాట. సమాన నష్టం అంటే అందరూ ఒకే బరువు మోయాలనే మాట. సూత్రం రాయగానే విలువ కూడా రాసినట్టే. దాచుకోవడానికి చోటు లేదు.

ఒకసారి ఒక చిన్న సహాయ నిధిని పంచే బృందంలో నేనూ కూర్చున్నాను. అడిగిన మొత్తాన్ని బట్టి నిష్పత్తిలో ఇచ్చేశాం. ఇంకో పద్ధతి ఉంటుందన్న ఆలోచనే మాలో ఎవరికీ రాలేదు. అందరికంటే తక్కువ అడిగిన ఆవిడ, నేను అబద్ధం చెప్పి ఎక్కువ అడిగి ఉండవలసిందా అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. లెక్క తప్పు కాదు. లెక్కకు ముందు చేయవలసిన ఎంపికను మేము చేయనే లేదు.

కూడవలసినప్పుడు: సుఖదుఃఖాల లెక్క

ఇది అందరికీ తెలిసిన పద్ధతి, అందరూ ముందుగా తిట్టే పద్ధతి కూడా. 1725లో తత్త్వవేత్త ఫ్రాన్సిస్ హచిసన్ నైతికతకు బీజగణిత సూత్రాలు రాశాడు. తర్వాతి కూర్పుల్లో ఒకదానిలో ఆయనే వాటిని తొలగించాడు. 1789లో ఆంగ్ల తత్త్వవేత్త జెరెమీ బెంథామ్ సుఖాన్ని తూచడానికి ఏడు కొలతలు ఇచ్చాడు: తీవ్రత, వ్యవధి, అది కలుగుతుందన్న నమ్మకం, ఎంత త్వరలో కలుగుతుందన్నది, మరిన్ని సుఖాలకు దారితీసే గుణం, దుఃఖం కలవని స్వచ్ఛత, ఎంతమందికి చేరుతుందన్నది.

తిట్టే ముందు దీని గొప్పతనం గుర్తించాలి. కూడికలో అంతస్తు ఉండదు. అధికారంలో ఉన్నవారి పంటినొప్పికీ, ఏ అండా లేనివారి పంటినొప్పికీ ఒకటే అంకె. అదే లెక్కను పట్టుకుని వెళ్లి బెంథామ్ జంతువుల బాధ దగ్గర కూడా ఆగాడు. అవి ఆలోచించగలవా, మాట్లాడగలవా అన్నది కాదు, బాధపడగలవా అన్నదే ప్రశ్న అన్నాడు. పక్షపాతంతో మూసుకుపోయిన కళ్లను కొన్నిసార్లు అంకెలే తెరిపిస్తాయి.

ఇక లోపాలు. ఒకరి నొప్పిని ఇంకొకరి నొప్పితో కలిపి రాయడానికి అందరికీ చెల్లే కొలమానం ఎవరి దగ్గరా లేదు. అంతకంటే లోతైన లోపం, మొత్తానికి మనుషులు కనబడరు. వైద్యరంగంలో ఖర్చులను పోల్చడానికి నాణ్యతను బట్టి సరిచేసిన జీవిత సంవత్సరాలు అనే కొలత వాడతారు. పూర్తి ఆరోగ్యంతో గడిపే ఏడాదికి 1, ఆరోగ్యం తగ్గిన కొద్దీ 0.8, 0.5 అలా. ఒకే మందు ఇద్దరికి పదేళ్ల ఆయువు ఇస్తుందనుకోండి. ఆరోగ్యవంతుడి పదేళ్లు 10 అవుతాయి. శాశ్వత వైకల్యం ఉండి 0.5 గా లెక్కకు ఎక్కిన మనిషి పదేళ్లు 5 అవుతాయి. కొలతను ఉన్నదున్నట్టు వాడితే, ఇప్పటికే ఒక కష్టం మోస్తున్న మనిషి ఆ కష్టం కారణంగానే వరుసలో వెనక్కి వెళ్తాడు. ఇది నాకు మింగుడుపడదు. ఈ కొలతను సమర్థించేవారిలోనూ చాలామంది దీన్ని సమస్యగానే ఒప్పుకుంటారు.

అందుకే నా సలహా: పోలుస్తున్నవి ఒకే రకమైనవైనప్పుడు కూడిక వాడండి. ఒకే ఖర్చుతో ఒక పద్ధతి వందమందిని, ఇంకో పద్ధతి వెయ్యిమందిని ఒకే రోగం నుంచి కాపాడుతుంటే, లెక్క వేయకపోవడమే అనైతికం. రకాలు మారిన చోట, అంటే ఒకరి ప్రాణాన్ని లక్షమంది చిన్న చిరాకుతో తూచవలసి వచ్చిన చోట, కూడిక చెప్పే సమాధానాన్ని అనుమానించండి.

ఎవరి స్థానంలో ఉంటామో తెలియకుండా: రాల్స్, హార్సనీ

సమాజం ఎలా ఉండాలో మీరు నిర్ణయించాలి. కానీ అందులో మీరు ఎవరిగా పుడతారో మీకు తెలియదు. ఈ ఊహను 1950లలో ఆర్థికవేత్త జాన్ హార్సనీ, 1971లో తత్త్వవేత్త జాన్ రాల్స్ ఇద్దరూ వాడారు. ఒకే గుమ్మంలోంచి లోపలికి వెళ్లి వేర్వేరు దారుల్లో బయటికి వచ్చారు. పద్ధతులను పోల్చి చూడాలనుకునేవారికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

మూడు సమాజాలు తీసుకుందాం, ఒక్కోదానిలో ముగ్గురు మనుషులు. మొదటిదానిలో వారి జీవితాల స్థాయి 10, 10, 10. రెండోదానిలో 9, 40, 50. మూడోదానిలో 1, 14, 18.

హార్సనీ దృష్టిలో ఎవరిగా పుట్టడానికైనా సమాన అవకాశం ఉంది కాబట్టి సగటు చూడాలి. సగట్లు 10, 33, 11. అంటే రెండోది అన్నిటికంటే మేలు, మూడోది కూడా మొదటిదాని కంటే మేలు. రాల్స్ దృష్టిలో అలాంటి సంభావ్యతలు ఊహించుకునే ఆధారమే మనకు లేదు. జీవితమంతా పణంగా పెట్టి జూదం ఆడకూడదు. అందరికంటే అడుగున ఉన్నవారి స్థితిని చూడాలి. అడుగు స్థాయిలు 10, 9, 1. మొదటిదే మేలు.

రెండు జవాబులూ ఎక్కడో ఒకచోట గుచ్చుకుంటాయి. ఒక్క అంకె తేడా కోసం 40, 50 లను వదిలేయడం రాల్స్ పద్ధతిలో కష్టం. ఒకరిని 1 దగ్గర వదిలేసి సగటు 11 అయిందని సంతోషించడం హార్సనీ పద్ధతిలో అంతకంటే కష్టం. మధ్యేమార్గం ఉంది. కింద ఉన్నవారికి దక్కే ప్రతి మెట్టుకూ ఎక్కువ బరువు ఇవ్వడం అది. ప్రతి అంకెకూ వర్గమూలం తీసి కూడితే సుమారు 9.5, 16.4, 9.0 వస్తాయి. రెండోది ముందు, ఒకేలా ఉన్న మొదటిది తర్వాత, మూడోది చివర. నా మనసు చెప్పే వరుస కూడా ఇదే.

కానీ ఇక్కడ నన్ను నేనే పట్టుకోవాలి. వర్గమూలమే ఎందుకు? ఘనమూలం ఎందుకు కాదు? నా మనసుకు నచ్చిన వరుస వచ్చేదాకా వంపు (కింద ఉన్నవారికి ఎంత ఎక్కువ బరువన్నది) మార్చుకుంటూ పోతే గణితం నాకు దారి చూపినట్టు కాదు, నా వెనకాల నడిచినట్టు. ఈ పద్ధతి ఎంచుకునేవారు వంపును ముందే, ఫలితం చూడకముందే నిర్ణయించుకుని రాసిపెట్టుకోవాలి.

షరతులు ఢీకొన్నప్పుడు: అసాధ్యతా సిద్ధాంతాలు

అన్నిటిలోకీ ఎక్కువ విలువ నేను దీనికే ఇస్తాను. ఇక్కడ గణితం ఏం చేయాలో చెప్పదు. మీరు కోరుకున్నవన్నీ ఒకేసారి కుదరవని నిరూపిస్తుంది. అలా నిరూపించడం నీతికి ఆటంకం అనుకునేవారున్నారు. నాకు అది వైద్యుడు నిజం చెప్పినట్టు అనిపిస్తుంది.

1785లో ఫ్రెంచి గణితజ్ఞుడు కాండర్సే చూపిన చిక్కు దీనికి మొదలు. ముగ్గురు ఓటర్లు, మూడు ప్రతిపాదనలు. ఒకరి వరుస క, చ, ట. రెండోవారిది చ, ట, క. మూడోవారిది ట, క, చ. ఇద్దరు క ను చ కంటే మేలన్నారు, ఇద్దరు చ ను ట కంటే మేలన్నారు, ఇద్దరు ట ను క కంటే మేలన్నారు. తిరిగి మొదటికే వచ్చాం. ఇప్పుడు ఆ ముగ్గురు ఓటర్లకు బదులు మీ ఒక్కరి మనసులోని మూడు విలువలను పెట్టండి: దయ, సమానత్వం, ఇచ్చిన మాట. ఒక్కో విలువ ఒక్కో వరుస చెబితే, మెజారిటీ విలువల మాట విన్నంత మాత్రాన నిర్ణయం దొరకదు. రాత్రంతా ఆలోచించి పొద్దున్నే మొదటి చోటే నిలబడిన అనుభవం చాలామందికి ఉంటుంది. అది బలహీనత కాకపోవచ్చు, చిక్కు ఆకారమే అలాంటిది కావచ్చు. 1951లో ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో దీన్ని విస్తరించాడు. మూడు లేదా అంతకంటే ఎక్కువ ప్రత్యామ్నాయాలున్నప్పుడు, వ్యక్తుల వరుసలను సమాజపు వరుసగా మార్చే ఏ పద్ధతీ కొన్ని సాధారణమైన న్యాయ షరతులన్నిటినీ ఒకేసారి నిలబెట్టలేదని నిరూపించాడు. 1970లో అమర్త్య సేన్, అతి కొద్దిపాటి వ్యక్తి స్వేచ్ఛ కూడా అందరి ఏకాభిప్రాయాన్ని గౌరవించాలన్న షరతుతో ఢీకొనగలదని చూపాడు.

వీటిలో ఇప్పుడు మన జీవితాలకు అతి దగ్గరగా వచ్చింది ఇంకొకటి ఉంది. దాన్ని అంకెలతోనే చూడాలి. నిందితుడు మళ్లీ నేరం చేస్తాడా లేదా అని అంచనా వేసే సాఫ్ట్‌వేర్ ఉందనుకోండి. రెండు వర్గాలు, ఒక్కోదానిలో 100 మంది. మొదటి వర్గంలో 50 మంది, రెండోదానిలో 20 మంది మళ్లీ నేరం చేస్తారు. (ఇలాంటి సంఖ్యలు నిజంగా నేరాలవా, అరెస్టులవా అన్నది వేరే పెద్ద ప్రశ్న. దాన్ని అడగకుండా ముందుకు వెళ్లేవారిని నమ్మకండి.) సాఫ్ట్‌వేర్ రెండు వర్గాల పట్లా సమానంగా ఉండాలని రెండు షరతులు పెడదాం. ఒకటి, ప్రమాదకారి అని ముద్ర వేసినవారిలో 80 శాతం మంది విషయంలో ఆ ముద్ర నిజం కావాలి. రెండు, నిజంగా నేరం చేయబోయేవారిలో 80 శాతం మందిని పట్టుకోవాలి.

మొదటి వర్గంలో 50 మందిలో 40 మందిని పట్టుకుంది. ముద్రల్లో 80 శాతం నిజం కావాలి కాబట్టి మొత్తం ముద్రలు 50. అంటే ఏ నేరమూ చేయబోని 50 మందిలో 10 మందిపై తప్పుడు ముద్ర పడింది, 20 శాతం. రెండో వర్గంలో 20 మందిలో 16 మందిని పట్టుకుంది, మొత్తం ముద్రలు 20. నేరం చేయబోని 80 మందిలో నలుగురిపై తప్పుడు ముద్ర, 5 శాతం.

మళ్లీ చదవండి. రెండు షరతుల్లోనూ సాఫ్ట్‌వేర్ వర్గాల మధ్య వెంట్రుకవాసి తేడా చూపలేదు. అయినా మొదటి వర్గంలో పుట్టిన నిర్దోషికి తప్పుడు ముద్ర పడే అవకాశం నాలుగు రెట్లు. దాన్ని సమానం చేయాలంటే మిగతా రెండు సమానత్వాల్లో ఒకదాన్ని వదులుకోవాలి. అంచనా లోపరహితమైతేనో, రెండు వర్గాల్లో మళ్లీ నేరం చేసేవారి శాతం ఒకటే అయితేనో తప్ప ఈ చిక్కు తీరదు. 2016లో అమెరికాలో ఇలాంటి సాఫ్ట్‌వేర్ మీద పెద్ద వివాదం రేగింది. ఒక పక్షం తప్పుడు ముద్రల తేడా చూపింది, మరో పక్షం ముద్రల విశ్వసనీయత ఒకటే అని చూపింది. ఇద్దరూ నిజమే చెప్పారు. ఆ రెండు న్యాయాలూ ఎందుకు కలిసి ఉండలేవో ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ వచ్చిన గణిత పత్రాలు నిరూపించాయి.

ఈ నిరూపణ లేకపోతే, ఇంకా మంచి ప్రోగ్రాం రాస్తే అన్నీ కుదురుతాయని చెప్పి చేతులు దులుపుకోవచ్చు. నిరూపణ ఉన్నాక ఆ దారి మూసుకుపోతుంది. ఏ న్యాయాన్ని వదులుకుంటున్నామో, ఎవరి మీద ఆ భారం పడుతుందో పేరు పెట్టి చెప్పవలసి వస్తుంది.

కొద్ది మాటల్లో తేల్చదగినవి

పదిహేడో శతాబ్దపు తత్త్వవేత్త స్పినోజా నీతిశాస్త్రాన్ని రేఖాగణితంలా రాశాడు. నిర్వచనాలు, స్వీకృతాలు, ప్రతిపాదనలు, నిరూపణలు. ఆ గ్రంథం ఆయన మరణించిన 1677లోనే అచ్చయింది. ఆ శ్రమ మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ బరువంతా మొదటి పుటల్లోని నిర్వచనాల మీదే ఉంది. అవి ఒప్పుకోనివారిని ఏ నిరూపణా కదిలించలేదు. పైగా, ఉన్నదాని గురించి చెప్పే వాక్యాల నుంచి ఉండవలసినదాని గురించిన వాక్యం ఎలా పుడుతుందని తత్త్వవేత్త హ్యూమ్ అడిగిన ప్రశ్న అక్కడే కాచుకుని ఉంటుంది. మీ సొంత సూత్రాల్లో పరస్పర విరోధం ఉందేమో వెతుక్కోవడానికి ఈ పద్ధతి వాడండి, ఎదుటివారిని ఒప్పించడానికి కాదు.

విధినిషేధాలను తర్కసూత్రాల్లో పెట్టే శాస్త్రం 1951లో తత్త్వవేత్త ఫాన్ రైట్ వ్యాసంతో ఊపందుకుంది. దాని ఇబ్బంది ఒక ఉదాహరణలో తెలుస్తుంది. ఉత్తరం పోస్టు చేయాలి అన్నది నిజమైతే, సాధారణ తర్కం ప్రకారం ఉత్తరం పోస్టు చేయాలి లేదా తగలబెట్టాలి అన్నదీ నిజమవుతుంది. తగలబెట్టినవాడు నేను రెండోది పాటించాను అంటే ఏమనాలి? నియమావళులు రాసేవారికి, యంత్రాలకు నియమాలు నేర్పేవారికి ఈ శాస్త్రం అవసరం. రోజువారీ నైతిక సందేహాలకు దీని దాకా వెళ్లనక్కరలేదు.

సంభావ్యతను ఫలితంతో గుణించే పద్ధతి 1654లో గణితజ్ఞులు పాస్కల్, ఫెర్మా మధ్య నడిచిన ఉత్తరాల నుంచి ఎదిగింది. అనిశ్చితి ఉన్న ప్రతిచోటా అది కావాలి. ఒక్క జాగ్రత్త చాలు. ఒకే ఒక బ్రహ్మాండమైన అంకె, దాని పక్కన ఊహించి రాసిన అతి చిన్న సంభావ్యత, ఈ రెండే నిర్ణయాన్ని మోస్తుంటే అక్కడ ఆగిపోండి. దేవుడి ఉనికి మీద పాస్కల్ వేసిన పందెంలో (దేవుడుంటే నమ్మినవారికి దక్కేది అనంత సుఖం అన్న లెక్కలో) అనంతం మిగతా అంకెలన్నిటినీ మింగేసినట్టే అక్కడా జరుగుతుంది.

ఇక ఆటల సిద్ధాంతం. సహకరించడమా, మోసగించడమా అని ఇద్దరు పదేపదే ఎంచుకునే ఆట మీద 1980 ప్రాంతంలో రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ నడిపిన రెండు కంప్యూటర్ పోటీల్లో అనటోల్ రాపోపోర్ట్ పంపిన చిన్న ప్రోగ్రాం రెండుసార్లూ గెలిచింది. దాని నియమం: మొదట సహకరించు, ఆపై ఎదుటివారు కిందటిసారి చేసిందే చెయ్యి. పొరపాట్లు దొర్లే లోకంలో అప్పుడప్పుడు క్షమించే రకాలు ఇంకా బాగా రాణిస్తాయని తర్వాత తేలింది. ఏ నియమం నిలబడుతుంది, ఏది కూలిపోతుంది అని తెలుసుకోవడానికి ఇది అమూల్యం. కానీ తిరిగి దెబ్బ కొట్టలేనివారికి ఈ ఆటలో కుర్చీ లేదు. పసిపిల్లలు, జంతువులు, ఇంకా పుట్టని తరాలు మనతో ఏ ఆటా ఆడలేరు. వారి పట్ల మన కర్తవ్యాన్ని ఆటల సిద్ధాంతంలో వెతికితే సున్నా దొరుకుతుంది. ఆ సున్నా నీతి ఇచ్చిన జవాబు కాదు, పనిముట్టు ఇచ్చిన జవాబు.

అంకెలు పక్కన పెట్టవలసిన చోట

1977లో జాన్ టారెక్ అనే తత్త్వవేత్త, ఉన్న మందంతా ఇస్తే ఒకరు బతుకుతారు, లేదా తలా కొంచెం ఇస్తే వేరే ఐదుగురు బతుకుతారు అన్న స్థితిలో తాను నాణెం ఎగరేస్తానన్నాడు. ఐదుగురి నష్టాల మొత్తాన్ని అనుభవించే మనిషి ఎవరూ లేరు, ఒక్కొక్కరూ తమ నష్టాన్నే అనుభవిస్తారు అన్నది ఆయన వాదం. నేను ఆయనతో ఏకీభవించను, నేనైతే ఐదుగురికే ఇస్తాను. కానీ ఇచ్చాక ఆ ఆరో మనిషి ముఖంలోకి చూసి, లెక్కలో నువ్వు తక్కువయ్యావు అని చెప్పలేను. టారెక్ వాదం నాలో ఉంచిన ముల్లు అది. ఉండనీ.

స్నేహితుడికి ఇచ్చిన మాట, నమ్మి చెప్పిన రహస్యం, చేసిన మేలుకు కృతజ్ఞత, క్షమాపణ చెప్పవలసిన సందర్భం, వీటి దగ్గర లెక్క మొదలుపెట్టడమే నష్టం. ఎంత లాభమైతే నా రహస్యం బయటపెడతావు అని స్నేహితుడు అడిగినప్పుడు మీ దగ్గర ఒక అంకె సిద్ధంగా ఉంటే, ఆ స్నేహం అప్పటికే అయిపోయింది. ప్రతి విషయంలోనూ ఆ విషయం ఇవ్వగలిగినంత కచ్చితత్వమే కోరాలని అరిస్టాటిల్ హెచ్చరించాడు. అదే గ్రంథంలో పంపకపు న్యాయాన్ని నిష్పత్తిగా వివరించినదీ ఆయనే. ఆ రెండింటినీ ఒకే మనిషి రాయగలిగాడన్నది నాకు ధైర్యం ఇస్తుంది.

ఇక మీ ముందున్న ప్రశ్నకు

ముందు మీ ప్రశ్న ఏ జాతిదో చూడండి. ఉన్నదాన్ని హక్కుదారుల మధ్య పంచాలంటే పంపక నియమాలు తీసుకోండి, కనీసం మూడు నియమాలతో లెక్క వేసి ఫలితాలు పక్కపక్కన పెట్టండి. ఒకే రకమైన మేలును ఎక్కువమందికి చేర్చాలంటే కూడిక. దీర్ఘకాలం అందరి మీదా పనిచేసే నియమం రాస్తుంటే అడుగున ఉన్నవారి అంకెను విడిగా చూడండి. ఒక వ్యవస్థ అందరికీ అన్ని విధాలా న్యాయం చేస్తుందని ఎవరైనా హామీ ఇస్తుంటే, వెంటనే ఏ షరతులు కలిసి ఉండలేవో వెతకండి.

తర్వాత, లెక్క మొదలుపెట్టకముందే, ఏ ఫలితం వచ్చినా చేయని పనులు ఒకటో రెండో కాగితం మీద రాసుకోండి. లెక్క అయ్యాక రాసుకుంటే అవి సాకులవుతాయి. ఆపైన కనీసం రెండు పద్ధతులు వాడండి. రెండూ ఒకే మాట చెబితే నిబ్బరంగా ముందుకు వెళ్లవచ్చు. వేర్వేరు మాటలు చెబితే ఏ ఒక్క ఊహ మార్చితే అవి కలుస్తాయో పట్టుకోండి. హార్సనీ, రాల్స్ విషయంలో ఆ ఊహ సమాన సంభావ్యత. మీ నైతిక ప్రశ్న నిజంగా ఉన్నది ఆ ఊహ దగ్గరే, అక్కడ మిమ్మల్ని దిగబెట్టి గణితం పక్కకు తప్పుకుంటుంది.

మొదటి లెక్కలోని ఆ 200 సంగతికి వస్తాను. ముగ్గురూ నష్టభయం తెలిసి పెట్టుబడి పెట్టినవారైతే నేను నిష్పత్తిని ఎంచుకుంటాను. ముగ్గురూ పూట గడవడానికి ఆ సొమ్ము మీదే ఆధారపడితే సమాన వాటా ఇస్తాను. ఎవరి గురించీ ఏమీ తెలియకపోతే, ఏ ఇద్దరూ మళ్లీ తగాదా పడే అవసరం రాని 50, 75, 75 ఇస్తాను. సమాన నష్టం నియమాన్ని ఈ సందర్భంలో నేను ఎంచుకోను. ఎంచుకునేవారు ఉంటే, పంపకం కాగితం పైన ఆ నియమం పేరు, దాన్ని ఎందుకు ఎంచుకున్నారో రెండు వాక్యాలు రాయాలి. రాసి, ఆ కాగితాన్ని ముందుగా సున్నా వచ్చిన మనిషికి చదివి వినిపించాలి.